మా అమ్మ ఏడవని షూటింగు

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనకండి. ఇప్పుడు నేను చెప్పబోయేదాంట్లో నిండు సంత ఒకటి నడిమధ్యలో ఆగిపోతుంది. హైదరాబాద్ నుంచి వచ్చిన సినిమా యూనిట్టు యూనిట్టంతా చన్నీళ్ళ గెడ్డలో, అంటే కొండవాగులో, దిగుతుంది. నా పరువు సంగతి సరే, అది ఆ గెడ్డలోంచి ఇంకా పైకి రాలేదు. తుఫానో భూకంపమో వచ్చి ఇదంతా జరిగుంటే కనీసం పేపర్లో వేసేవారు, నలుగురూ అయ్యో అనేవారు. ఇక్కడ వచ్చింది నా తెలివి. దానికెవరూ అయ్యో అనలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. మాది విజయనగరం దగ్గర ఊరు. నాన్న పెళ్ళయిన కొత్తలోనే కొండెక్కి అరకులో కొట్టు పెట్టాడు. కింద నుంచి ఉప్పూ, సబ్బులూ, కిరోసినూ తెచ్చి అమ్మడం, కొండ ఊళ్ళవాళ్ళు తెచ్చే చింతపండూ, పిప్పళ్ళూ కొనడం మా వ్యాపారం. కొట్టు నాన్నదే గానీ కాటా మాత్రం అమ్మది. అమ్మ పేరు పైడమ్మ. సంతకొచ్చేవాళ్ళందరికీ "సావుకారమ్మ". ఆదివాసీ ఒరియాలో బేరమాడి, తెలుగులో తిట్టి, మళ్ళీ ఒరియాలో టీ తాగి వెళ్ళమనేది. ఆవిడ ఏడవగా నేను చూడలేదు. మా తాతయ్య పోయిన రోజు కూడా ఏడ్చేవాళ్ళందరికీ టీ కాసి పోసింది.

ఇక నేను. పేరు సత్తిబాబు. కింద డిగ్రీ చదువుతున్నానని ఇంట్లో చెప్పి సినిమాలు చదివాను. అరకులో ఉంటే రేకుల షెడ్డులో వేసే వీడియో, కిందకెళ్తే హాలు. అందుకని డిగ్రీ పోయింది గానీ, తల్లుల మీద మాత్రం నాకు గట్టి పట్టు దొరికింది. ఏ రకం సినిమాలో ఏ రకం తల్లి ఉంటుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. సెంటిమెంటు సినిమా అయితే తెల్లచీర, కుట్టుమిషను, దగ్గు. ఆ దగ్గు ఇంటర్వెల్ దాకా మామూలుది, తర్వాత రక్తం పడేది. కక్షల సినిమా అయితే ట్రంకుపెట్టెలో మొగుడి చొక్కా దాచి, కొడుక్కి మీసం రాగానే తీసి చూపిస్తుంది. అమ్మోరి సినిమా అయితే అరచేతిలో కర్పూరం వెలిగించుకుని గుడి చుట్టూ తిరుగుతుంది. దెయ్యం సినిమాలో చచ్చిపోయి కూడా ఉయ్యాల ఊపడానికి వస్తుంది. ప్రేమ సినిమాలో పాపం ఆవిడకి పనే ఉండదు, కాఫీ తెచ్చిచ్చి "ఎవర్రా ఆ అమ్మాయి?" అని నవ్వి లోపలికి పోతుంది. కామెడీలో అయితే బొద్దింకని చూసి మంచమెక్కుతుంది.

మా అమ్మ ఈ రకాల్లో దేనికీ చెందలేదు. అదే నా దిగులు.

డిగ్రీ పోయిన రోజు బస్సు దిగి, తల వంచుకుని, ఎప్పుడెప్పుడు ఆవిడ ఒళ్ళో పడి ఏడుద్దామా అని గుమ్మంలో నిలబడ్డాను. "అమ్మా, నేను ఫెయిలైపోయాను" అన్నాను, గొంతు వణికించి.

"తెలిసిందే కదా. ఆ ఉప్పుబస్తా లోపలెట్టు" అంది.

ఇంకోసారి కావాలని వానలో తడిసి వచ్చాను, కొంగుతో తల తుడుస్తుందని. "గచ్చు తడిసిపోతాది, అరుగు మీదే నిల్చో" అంది. వాన తగ్గేదాకా అరుగు మీద నిలబడి తుమ్మాను. నా బతుక్కి ఒక మంచి తల్లి సీను కూడా రాసిపెట్టి లేదని ఆ తుమ్ముల మధ్యే తేల్చేసుకున్నాను.

ఇలా నేను కుళ్ళిపోతున్న రోజుల్లో సినిమావాళ్ళు కొండెక్కారు. అరకుకి షూటింగులు కొత్త కాదు. పాట తీసుకుని పోతారు. ఈ యూనిట్టు మాత్రం సీన్లు కూడా తియ్యడానికి వచ్చింది. జనరేటర్ వ్యాను మా కొట్టు పక్కనే ఆపారు. నేను సబ్బు అడిగినవాడికి అగ్గిపెట్టె ఇస్తూ, చూపంతా అక్కడే పెట్టుకున్నాను.

సంత రోజు పొద్దున్నే యూనిట్లో గోల మొదలైంది. తల్లి వేషం వెయ్యాల్సినావిడ ఘాట్ రోడ్డు మలుపుల్లో ప్రతి మలుపుకీ ఒకసారి కడుపు ఖాళీ చేసుకుంటూ వచ్చిందట. రాత్రంతా మంచం మీద కొండలు తిరిగాయట. తెల్లారి స్టేషనుకెళ్ళి కూర్చుంది, కిందకెళ్ళే రైలెక్కేదాకా మంచినీళ్ళు కూడా తాగనని. కో-డైరెక్టరుగారు మా కొట్టు ముందు నల్లకళ్ళజోడు తీసి, పెట్టి, తీసి, తల పట్టుకున్నాడు.

"ఒక్క సీను. ఇవాళ సంతలో తియ్యాలి. ఇప్పుడు తల్లినెక్కణ్ణుంచి తేను?"

అప్పుడు మూసుకోవలసిన నా నోరు తెరుచుకుంది.

"మా అమ్మ ఉంది సార్."

"ఏడుస్తుందా?"

"ఏడుస్తుందా ఏంటి సార్! మొదలెడితే ఆపడం మా వల్ల కాదు" అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కిందకి చూశాడు. "బాగా ఏడిస్తే నిన్ను మాతో తీసుకెళ్ళి డైరెక్షన్ డిపార్టుమెంటులో పెడతా" అన్నాడు. ఆ మాటకి నా కాళ్ళు నేలకి ఆనలేదు. అరకు కొండలన్నీ ఒక్కసారిగా పొట్టివైపోయాయి.

అమ్మ దగ్గరికి పరిగెత్తాను. నాన్న సరుకు కోసం కిందకెళ్ళాడు. సంతలో అమ్మ ఒక్కతే కాటా పట్టుకుని కూర్చుంది.

"సినిమాలో వెయ్యాలా? నానా? నీకు మతి పోనాదేట్రా? సంత రోజు కాటా ఒగ్గీసి ఏసం కట్టమంతావా?"

"అమ్మా, ఒక్క గంట. నన్ను హైదరాబాద్ తీసుకెళ్ళి ఉద్యోగమిస్తారంట."

కాటా ఊగడం ఆగింది. అమ్మ నా ముఖంలోకి చూసింది.

"నిజంగా పనిత్తారా?"

"ఒట్టు."

సంత రోజున కాటా దించడం నేనెప్పుడూ చూడలేదు, దించింది. పక్కన పసుపు దుంపలమ్ముకుంటున్న లచ్చన్నని పిలిచి, "లచ్చన్నా, ఇది సూస్తుండు. మా గుంటడికి ఏదో పని దొరుకుతాదంట" అని లేచింది. ఆ మాట విలువ ఇప్పుడు నాకు తెలుస్తోంది. అప్పుడు మాత్రం డైరెక్షన్ డిపార్టుమెంటులో ఏ రంగు టోపీ పెట్టుకోవాలా అని ఆలోచిస్తున్నాను.

సీను చిన్నదే. సంతలో తల్లి కూర్చుని ఉంటుంది. ఒకడు పరిగెత్తుకొచ్చి, ఆవిడ కొడుకు, అంటే హీరో, లోయలో పడిపోయాడని చెప్తాడు. తల్లి గుండెలు బాదుకుని కూలిపోయి ఏడవాలి. డైరెక్టరుగారే స్వయంగా వచ్చి ఓపిగ్గా చెప్పారు.

అమ్మ అంతా విని, "పడిపోనాడా? మరి తియ్యరేటి?" అంది.

"ఎవరు తీస్తారమ్మా?"

"నాను కూలిపోయి కూకుంటే ఆణ్ణెవులు తీత్తారు బాబూ?"

"ఇది సినిమా అమ్మా. హీరో తనంతట తనే పైకొచ్చేస్తాడు."

"ఆడే వచ్చెత్తే, మరి నానెందుకు ఏడవడం?"

డైరెక్టరుగారు నా వైపు చూశారు. నేను ఆకాశం వైపు చూశాను.

కళ్ళలో గ్లిజరిన్ పోశారు. అమ్మ "కళ్ళల్లో ఏటి పోత్తన్నార్రా!" అని లేచి, కుండలో నీళ్ళతో శుభ్రంగా మొహం కడుక్కుని, మేకప్పు కూడా పోగొట్టుకుని వచ్చి కూర్చుంది. ఉల్లిపాయలు తెచ్చి కోశారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఉల్లిపాయల బస్తాల మధ్య బతికిన మనిషి. "ఈటిలో సగం మొలకలొచ్చీసినాయి, ఎక్కడ కొన్నారు?" అని అడిగింది. కోసిన కుర్రాడు మాత్రం వెక్కి వెక్కి ఏడ్చాడు.

డైరెక్టరుగారు పట్టు మార్చారు. "సరే, సెంటిమెంటు వదిలేద్దాం. కక్ష పెడదాం. అమ్మా, మీరు ఏడవద్దు. లేచి, కొంగు దోపి, నా కొడుకును తోసినవాడి వంశమే లేకుండా చేస్తానని అరవండి."

"వంశం జోలికెందుకు బాబూ? ఆడి పిల్లలేటి సేసారు?"

"పోనీ భక్తి. ఆకాశం వైపు చేతులెత్తి, తల్లీ, నువ్వూ బిడ్డల తల్లివేగా, అని అమ్మవారిని నిలదీయండి."

దానికి మాత్రం అమ్మ ఒప్పుకుంది. కళ్ళు మూసుకుని, చేతులెత్తి, సంతంతా వినబడేలా, "అమ్మా తల్లీ! ఈళ్ళ సినిమా బేగి అయిపోయేలా సూడు. నా చింతపండు ఎండలో పడున్నాది" అని దండం పెట్టింది. చుట్టూ నిలబడ్డ జనం కూడా భక్తిగా దండం పెట్టారు.

"కట్" అన్న మాట డైరెక్టరుగారి నోట్లోంచి మూలుగులా వచ్చింది.

కొండ మీంచి మబ్బు దిగడం మొదలైంది. కెమెరామన్‌గారు చెయ్యి అడ్డుపెట్టి పైకి చూసి, కాసేపట్లో వెలుతురు పోతుందన్నాడు. కో-డైరెక్టరుగారు నన్ను వ్యాను వెనక్కి లాక్కెళ్ళాడు.

"ఆపడం మీ వల్ల కాదన్నావే! మొదలవడమే లేదు కదయ్యా!"

హైదరాబాద్ నా కళ్ళముందే రైలెక్కి వెళ్ళిపోతోంది. ఏదో ఒకటి చెయ్యాలి. అప్పుడొచ్చింది నాకు ఆలోచన. అది వచ్చినప్పుడు నా తల మీద ఒక కొబ్బరికాయ పడి ఉంటే ఎంత బాగుండేది! కొండ మీద కొబ్బరిచెట్లు తక్కువ. అది కూడా నా ఖర్మే.

"సార్, హీరో పడ్డాడంటే మా అమ్మకేం పట్టింది? నేను పడ్డానని చెప్పించండి."

కో-డైరెక్టరు గతుక్కుమన్నాడు. "తప్పు కదయ్యా?" అన్నాడు. సినిమావాడికే అనుమానమొచ్చింది, కన్నకొడుక్కి రాలేదు.

"అరనిమిషం సార్. ఏడుపు రాగానే నేను బయటికొచ్చేస్తాను. తర్వాత అందరం నవ్వుకుంటాం" అన్నాను.

పేకప్ అని అబద్ధం చెప్పారు. అమ్మ "అయిపోనాదా? బతికించినారు" అని కాటా దగ్గరికి వెళ్ళిపోయింది. కెమెరాని వ్యాను చాటు నుంచి అటు తిప్పారు. నేను బట్టల వ్యానులో పోలీసు యూనిఫారాల మధ్య దాక్కుని కిటికీ సందులోంచి చూస్తున్నాను. కబురు చెప్పడానికి మేకప్పాయన్ని పంపారు. యూనిట్టు మొత్తంలో నటన వచ్చినవాడు ఆయనొక్కడేనని ఎవరికి తెలుసు? జుట్టు రేపుకుని, రొప్పుతూ, కాళ్ళు తడబడుతూ వెళ్ళాడు.

"అమ్మా! మీ సత్తిబాబు... లోయలో... పడిపోయాడమ్మా!"

నేను ఊపిరి బిగబట్టాను. ఇప్పుడు గుండెలు బాదుకుంటుంది. ఇప్పుడు "నాయనా" అని కూలిపోతుంది.

అమ్మ లేచింది. కాటా చేతిలోంచి జారింది. గుండెలు బాదుకోలేదు. కూలిపోలేదు. నోట్లోంచి ఒకే మాట వచ్చింది.

"ఎటేపు?"

ఈ ప్రశ్నకి జవాబు మేకప్పాయనకి ఎవరూ రాసివ్వలేదు. భయపడి, చెయ్యి ఎటు లేస్తే అటు చూపించాడు. అది గెడ్డ వైపు.

అమ్మ కొంగు బిగించింది. పక్కన తాళ్ళమ్మేవాడి దగ్గర ఒక చుట్ట లాక్కుంది. "లచ్చన్నా! తాడట్టుకో! గుంటడు గెడ్డలో పడిపోనాడు!" అని కేకేసి, అదే మాట ఒరియాలో కూడా కేకేసి, చెప్పులు వదిలేసి పరిగెత్తింది. లచ్చన్న పసుపు దుంపలు తన్నుకుంటూ లేచాడు. వాడి వెనక అల్లం బుట్టలవాళ్ళు, కోళ్ళవాళ్ళు, కుండలవాళ్ళు. కట్టు విప్పుకున్న కోళ్ళు. బేరం మధ్యలో ఉన్నవాళ్ళు బేరం వదిలేశారు. సంత సంతంతా గట్టు మీంచి వాలు కిందకి ఒలికిపోయింది.

"కట్! కట్!" అని డైరెక్టరుగారు మైకులో అరుస్తున్నారు. ఎవరికి కావాలి? తిరిగి చూస్తే లైట్‌బాయ్‌లు లేరు. కెమెరామన్ లేడు. మేకప్పాయన కూడా తన నటనకి తనే మోసపోయి పరిగెత్తుతున్నాడు.

నేను వ్యానులోంచి దూకి వెనకాల పడ్డాను. "ఆగండి! ఆగండి!" అని ఏడుపు గొంతుతో అరుస్తుంటే, పెదబయలు వైపు నుంచి సంతకొచ్చిన ఒకాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"రా బాబూ, బేగి రా! సావుకారమ్మ కొడుకు పడిపోనాడంట. ఈ తాడు కొస అట్టుకో."

"అది నేనే!"

"నువ్వేటి?"

"పడిపోయింది నేనే!"

ఆయన నన్ను తేరిపార చూశాడు. "మరి పైకెలగొచ్చీసినావు?"

"నేను పడలేదు!"

"పడకపోతే ఎందుకేడుత్తన్నావు? పాపం, సావాసగాడివేటి? ఏడవకు, దొరుకుతాడులే" అని నా భుజం తట్టి, తాడు కొస నా చేతిలో పెట్టి ముందుకి తోశాడు. అలా నన్ను వెతకడానికి నేను తాడు మోసుకుంటూ గెడ్డలోకి దిగాను.

నేను దిగేసరికి అమ్మ గెడ్డ మధ్యలో ఉంది.

నడుములోతు నీళ్ళు. మంచులాంటి నీళ్ళు. అమ్మ వంగి, రాళ్ళ కింద చేతులు పెట్టి తడుముతోంది. ఒక రాయి, ఇంకో రాయి. మోచేతులు కొట్టుకుపోయి ఉన్నాయి. జుట్టు ముడి ఊడి నీళ్ళలో తేలుతోంది. అప్పుడు కూడా ఏడవడం లేదు. "సత్తీ... ఒరే సత్తీ... ఏ పక్కనున్నావురా" అని మెల్లగా అడుగుతోంది. కొట్టులో నన్ను ఏదైనా సామాను అడిగినప్పటి గొంతే. నా చిన్నప్పుడు పిలిచిన పేరు అది. మళ్ళీ ఎప్పుడూ పిలవలేదు.

"అమ్మా" అన్నాను.

తిరిగింది. నన్ను చూసింది. నీళ్ళు తోసుకుంటూ వచ్చి నా తల, మెడ, చేతులు తడిమింది.

"దెబ్బలు తగిలినాయేటి?"

"లేదమ్మా."

"ఎక్కడ పడ్డావు?"

"పడలేదమ్మా. నువ్వు ఏడవట్లేదని... సినిమా కోసం... అలా చెప్పించాను."

కొడుతుందనుకున్నాను. కొట్టుంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణి. అమ్మ చేతులు నా మీంచి తీసేసింది. పక్కనున్న రాయి మీద కూర్చుంది. కూర్చుని ఏడ్చింది.

ఏ రకం సినిమాలోనూ ఏ తల్లీ అలా ఏడవలేదు. శబ్దం లేదు. మనిషంతా కదిలిపోతోంది. చుట్టూ తడిసిన జనమంతా నేల చూపులు చూస్తున్నారు. లచ్చన్న తన తుండు తీసి ఆవిడ భుజాల మీద కప్పాడు.

సరిగ్గా అప్పుడు డైరెక్టరుగారు గట్టు మీదకి చేరారు. కిందకి చూశారు. కళ్ళు మెరిశాయి.

"కెమెరా! కెమెరా ఎక్కడ?"

నడుముకి తాడు కట్టుకుని నీళ్ళలో వణుకుతున్న కెమెరామన్‌గారు తలెత్తి, "పైన ఉంది సార్" అన్నాడు.

"మరి నువ్విక్కడెందుకున్నావయ్యా?"

"వాళ్ళబ్బాయి పడిపోయాడన్నారు కద్సార్" అన్నాడు ఆయన.

యూనిట్టు మర్నాడే దిగిపోయింది. నన్ను ఎవరూ రమ్మనలేదు. నేనూ అడగలేదు. ఇంట్లో అమ్మ వేళకి కంచం పెట్టేది, మాట మాత్రం లేదు. కింద నుంచి వచ్చిన నాన్న సంగతంతా విని, నా వైపు చూసి, లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. సంతకొచ్చే ప్రతివాడూ "పైకొచ్చీసినావా బాబూ?" అని పలకరించి మరీ వెళ్ళేవాడు. ఆ రోజుల్లో నేను ఉప్పుబస్తా కంటే తక్కువ మాట్లాడాను. ఉప్పుబస్తాకి కనీసం గిరాకీ ఉండేది.

చివరికి ఒక మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ అమ్మే నోరు విప్పింది.

"ఒరే."

"అమ్మా."

"ఇంకోపాలి సచ్చిపోతే, ముందు నాకు సెప్పి సావు."

ఆ మాటకి ఇద్దరం నవ్వాం. ఇక గండం గడిచిందనుకున్నాను. గడవలేదు. ఆ సినిమా విడుదలైంది.

కిందకి దిగి సాలూరు హాల్లో ఒంటరిగా చూశాను. అమ్మని రమ్మంటే, "నాకు తెలిసిన కతే కదా" అని కాటా వైపు తిరిగింది. ఇంటర్వెల్ దాటింది. అమ్మ సీను లేదు. తీసిపారేశారనుకుని ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు కమెడియన్ తెర మీదకొచ్చాడు, సంతలో ఎవరిదో కోడిని దొంగిలించి పరిగెత్తాడు. వెంటనే తెర నిండా మా అమ్మ! కొంగు బిగించి, తాడు పట్టుకుని, నా కోసం, నేను చచ్చిపోయాననుకుని పరిగెడుతున్న మా అమ్మ. వెనకాల లచ్చన్న, సంత మొత్తం. వ్యాను చాటున వదిలేసిన కెమెరా తనంతట తనే తీసుకున్న బొమ్మ అది. దానికి వెనకనించి సన్నాయి, డప్పు, కోడి కూతల సంగీతం పెట్టారు. కోడి కోసం పరిగెడుతున్న గయ్యాళి ఆవిడని చేసేశారు.

హాలంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. ఈలలు వేసింది. నేను మాత్రం ముందు సీటు మీద తల పెట్టుకుని, వెక్కిళ్ళు ఆగక, ముక్కు కారుస్తూ ఏడ్చాను. పక్క సీటాయన నవ్వు ఆపి నన్ను కుదిపాడు.

"ఏటి బాబూ, కామెడీ సీనుకి ఏడుత్తన్నావు? తల్లి సెంటిమెంటు ఎనకాల ఉందిలే, అప్పుడేడుద్దువు."

ఆ హాల్లోనే, ఆ ఈలల మధ్యే, కారుతున్న ముక్కు సాక్షిగా గంభీరంగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో మా అమ్మ చేత ఏ వేషమూ వేయించను, మా అమ్మని ఏడిపించను, అవసరమైతే తప్ప లోయల్లో పడను, పడితే మాత్రం అబద్ధంగా పడను.